98 గుంతల్లో 11 మొలకలే వచ్చాయి, ఇంట్లో పోసిన నారు ఎందుకు రావడం లేదు?

మిద్దెతోట_అనంత · మే 10

మూడేళ్లుగా మిద్దె మీద కూరగాయలు పెంచుతున్నా. ఇన్నాళ్లూ నారు కొనుక్కొచ్చి నాటేదాన్ని. ఈసారి తొలకరి నాటికి సొంత నారు చేతిలో ఉండాలని ఏప్రిల్ 27న 98 గుంతల ప్రోట్రేలో (నారు పెంచే ప్లాస్టిక్ ట్రే) విత్తనం వేశా. టమాటా 40, వంగ 20, మిరప 28, క్యాప్సికం 10. అనంతపురం ఎండ సంగతి తెలిసిందే కదా, బయట పెడితే మాడిపోతాయని ట్రేను పై గదిలో పెట్టి, తేమ ఆరకుండా ప్లాస్టిక్ కవర్ కప్పా. రోజూ రెండు పూటలా నీళ్లు చిలకరిస్తున్నా.

ఈరోజుకు 13 రోజులైంది. వచ్చినవి టమాటా 7, వంగ 3, మిరప 1. క్యాప్సికం ఒక్కటీ లేదు. వచ్చిన టమాటాల్లోనూ రెండు నిన్న మొదలు దగ్గర వంగి పడిపోయాయి. నిద్ర లేవగానే ముందు ట్రే దగ్గరికే వెళ్తున్నా. ఖాళీ గుంతలు చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది. తప్పు ఎక్కడ జరిగిందో ఎవరైనా చెప్పండి. మళ్లీ వేయడానికి టైం కూడా ఎక్కువ లేదు.

తాడిపత్రి_తమ్ముడు · మే 10

విత్తనాలు నకిలీవి అయ్యుంటాయి అక్కా. పోయినేడు నేనూ ఆన్‌లైన్‌లో వంద రకాలు 99 రూపాయలకని కొన్నా. నీలం టమాటా, నల్ల క్యారెట్ అని బొమ్మలు వేసి పంపారు. ఒక్కటీ మొలవలేదు. మొలిచిన రెండూ గడ్డి మొక్కలే.

మిద్దెతోట_అనంత · మే 10

నేను ఆన్‌లైన్‌లో కొనలేదు తమ్ముడూ. టమాటా, మిరప ఇక్కడి విత్తనాల షాపులోనే తీసుకున్నా. బిల్లు కూడా ఉంది. వంగ ప్యాకెట్ మాత్రం రెండేళ్ల కిందటిది, సగం వాడి దాచింది. క్యాప్సికం వేరే చోట కొన్నది. మూడు చోట్ల నుంచి వచ్చిన విత్తనాలు మూడూ నకిలీవి అవుతాయా?

ఎర్రగడ్డల_సంత · మే 10

ప్యాకెట్ వెనక ఏముందో చూడమ్మా. లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, ఎప్పటిదాకా పనికొస్తుందో, మొలక శాతం ఎంతో అన్నీ రాసుండాలి. ఇంకొక మాట, నూటికి నూరు మొలవాలనుకోవద్దు. మన దేశంలో ధ్రువీకరించిన విత్తనానికి ఉండాల్సిన కనీస మొలక శాతం టమాటా, వంగలకు 70, బెండకు 65, మిరపకు 60. అంటే మంచి మిరప విత్తనమే పదికి ఆరు మొలిస్తే లెక్కలో పాస్ అయినట్టు. నీ 28 మిరపలో 17 వచ్చుంటే బాధపడాల్సిన పనే లేదు. ఒక్కటే రావడం మాత్రం విత్తనం లోపంలా అనిపించట్లేదు.

మైదుకూరు_నర్సరీ · మే 11

పదకొండేళ్లుగా షేడ్‌నెట్ కింద నారు పెంచి అమ్ముతున్నా. నాలుగు ప్రశ్నలు అడుగుతా, వాటికి జవాబులు చెప్తే సగం తేలిపోతుంది.

ఎంత లోతులో వేశారు? గుంతల్లో నింపే కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కడిగి వాడారా, లేక నానబెట్టి అలాగే నింపేశారా? పై గది పైకప్పు ఏంటి, మధ్యాహ్నం లోపల ఎంత వేడి ఉంటోంది? ఏ నీళ్లు పోస్తున్నారు?

ఇంకో పని చేయండి. మొలవని గుంతలు ఓ పది ఎంచుకుని పుల్లతో మెల్లగా తవ్వి విత్తనం బయటికి తీసి చూడండి. చాలామంది ఈ పని చేయరు, పైనుంచి చూసి ఊహిస్తుంటారు. విత్తనం వేసినప్పటిలాగే గట్టిగా పొడిగా ఉంటే దానికి తేమ తగల్లేదు. ఉబ్బి, నొక్కితే చీము లాగా వచ్చి కంపు కొడితే కుళ్లిపోయింది, నీళ్లు ఎక్కువయ్యాయి. చిన్న వేరు బయటికొచ్చి కొన గోధుమ రంగుకు మారి ఆగిపోతే వేడో, ఉప్పో, తెగులో తగిలింది. అసలు విత్తనమే లేకపోతే చీమలు ఎత్తుకుపోయాయి.

ఆదోని_అవ్వ_మనవరాలు · మే 11

చీమల మాట నిజం. మా ఇంట్లో పోయినేడు టమాటా విత్తనాలు వరుసలో మోసుకెళ్తుంటే నా కళ్లతో చూశా. మా అవ్వ ట్రే ఉన్న బల్ల కాళ్ల కింద నాలుగు పళ్లేలు పెట్టి నీళ్లు పోసింది. పాతకాలంలో నేతి జాడీకి అలా పెట్టేవారట. మళ్లీ ఒక్క చీమ ఎక్కలేదు.

మిద్దెతోట_అనంత · మే 11

నర్సరీ అన్నా, చాలా థ్యాంక్స్. లోతు అర అంగుళం కంటే తక్కువే, వేలి కొనతో నొక్కి పైన కొంచెం కోకోపీట్ చల్లా. కోకోపీట్ ఇటుక బకెట్లో నానబెట్టి అలాగే నింపా, కడగాలని తెలియదు. పైకప్పు కాంక్రీటు స్లాబే, పైన వేరే అంతస్తు లేదు. వేడి ఎంతో కొలవలేదు కానీ మధ్యాహ్నం ఆ గదిలో కూర్చోలేం. నీళ్లు మామూలువే, ఫిల్టర్ దగ్గరివి.

పది గుంతలు తవ్వా. రెండు ఖాళీ. మూడు మెత్తగా అయిపోయాయి. ఐదింటిలో సన్నటి తెల్ల వేరు వచ్చి కొన మాడినట్టు ఉంది. అంటే అవి మొలవాలని చూశాయి కదా! ఆ సంగతి తెలిసి ఇంకా బాధేసింది.

చెనిక్కాయల_చేను · మే 11

వేర్లు వచ్చాయంటే విత్తనంలో జీవం ఉంది. ఇక విత్తనాన్ని అనుమానించడం ఆపి, ఒకసారి పరీక్ష పెట్టి తేల్చుకో చెల్లెమ్మా. మా దగ్గర చెనిక్కాయ విత్తే ముందు ఏటా చేసే పనే ఇది. వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో వరుసగా పరిచి చుట్టి నీడలో పెడతాం. నాలుగైదు రోజులకు విప్పి ఎన్ని మొలిచాయో లెక్కేస్తాం. తక్కువొస్తే ఎకరాకు ఇంకొంచెం విత్తనం ఎక్కువ పోస్తాం. మరీ తక్కువైతే ఆ మూటే వెనక్కి ఇచ్చేస్తాం. మాకు నమ్మకం మాటల మీద ఉండదు, గోనెపట్టా మీదే.

నీకు గోనె అక్కర్లేదు. నూలు గుడ్డ తడిపి బాగా పిండు, చుక్క కారకూడదు. ఒక్కో రకం 20 గింజలు పరిచి మడిచి, మూత ఉన్న డబ్బాలో పెట్టు. రోజూ ఒకసారి మూత తీసి గాలి తగలనివ్వు. ఆ పై గదిలో మాత్రం పెట్టొద్దు, కింద చల్లటి చోట పెట్టు. టమాటాకు ఐదారు రోజులు, వంగకు వారం, మిరపకు ఎనిమిది నుంచి పన్నెండు రోజులు ఓపిక పట్టు.

తాడిపత్రి_తమ్ముడు · మే 11

ఏసీ గదిలో పెడితే సరిపోతుంది కదా? ఇంత కష్టం ఎందుకు?

మైదుకూరు_నర్సరీ · మే 11

ఏసీ ఎంతలో పెడతావు తమ్ముడూ? టమాటా, వంగ, మిరప మూడింటికీ మొలకెత్తే దశలో 25 నుంచి 30 డిగ్రీలు బాగా నప్పుతుంది. 20కి తగ్గితే మిరప మూడు వారాలు తీసుకుంటుంది, ఈలోపు సగం కుళ్లిపోతాయి. పైగా ఏసీ గాలికి గుంత పైపొర గంటల్లో ఎండుతుంది. చల్లగా ఉండాలి అంటే మనిషికి చల్లగా అని కాదు, విత్తనానికి.

కానీ ఆ అక్క సమస్య దానికి పూర్తిగా తలకిందులు. 35 దాటాక టమాటా మొలక బాగా పడిపోతుంది. మే నెలలో స్లాబ్ కింది గదిలో, అందులోనూ ప్లాస్టిక్ కవర్ కింద 40 దాటినా నేను ఆశ్చర్యపోను. కవర్ తేమను ఆపుతుంది నిజమే, వేడినీ ఆపుతుంది. మేమూ నర్సరీలో ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి షీట్ కప్పుతాం, కానీ నీడలో, గాలి ఆడే చోట. మొదటి మొలక తల ఎత్తగానే షీట్ తీసేస్తాం.

ఎర్రగడ్డల_సంత · మే 11

స్లాబ్ రాత్రి పదింటికి కూడా పొయ్యి మీది పెనంలాగే ఉంటుంది. కర్నూలులో మాది అదే కథ. పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంది. విత్తనానికి చల్లబడే గడియే దొరకదు.

పెన్నా_ఒడ్డు · మే 12

అందరూ వేడి మీదే పడ్డారు. నాకు ఒక మాట దగ్గర ఆగాలనిపించింది. "ఫిల్టర్ దగ్గరివి" అన్నారు కదా. ఫిల్టర్ నుంచి వచ్చే మంచినీళ్లా, లేక పక్క పైపులోంచి వదిలేసే వేస్ట్ నీళ్లా?

మిద్దెతోట_అనంత · మే 12

వేస్ట్ పైపువే. మా ఇంట్లో ఒక్క చుక్క పారబోయం. ఆర్వో మిషన్ ఒక బిందె మంచినీళ్లు ఇస్తే దాదాపు రెండు బిందెలు బయటికి వదులుతుంది. మూడేళ్లుగా ఆ నీళ్లు బకెట్లో పట్టి మొక్కలకే పోస్తున్నా. కోకోపీట్ నానబెట్టింది కూడా వాటితోనే. అందులో తప్పేముంది? పెద్ద మొక్కలు బాగానే ఉన్నాయి కదా.

పెన్నా_ఒడ్డు · మే 12

నీళ్లు పారబోయకూడదన్న మీ పట్టుదలకు నిజంగా దండం పెట్టాలి. కానీ సమస్యలో సగం ఆ బకెట్లోనే ఉందని నా నమ్మకం.

ఆర్వో మిషన్ ఉప్పును మాయం చేయదు, పక్కకు నెడుతుంది. మంచినీళ్లలోంచి తీసిన ఉప్పంతా ఆ వేస్ట్ నీళ్లలోకి వెళ్తుంది. అంటే మీ బోరు నీళ్లలో ఎంత ఉప్పు ఉందో దానికంటే అందులో ఎక్కువ ఉంటుంది. మా ఇంట్లో మీటరు పెట్టి చూస్తే బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క) 1180, వేస్ట్ పైపు 1860, తాగే నీళ్లు 60.

విత్తనం మొలవాలంటే మొదట నీళ్లు పీల్చుకోవాలి. చుట్టూ ఉప్పు నీళ్లుంటే అది లోపలికి లాక్కోలేదు. లాక్కున్నా లేత వేరు కొన ఉప్పుకు మాడిపోతుంది. పెద్ద మొక్కకు వేర్లు లోతుగా విస్తరించి ఉంటాయి, కుండీలో మట్టి ఎక్కువ ఉంటుంది, అందుకే తట్టుకుంటుంది. ప్రోట్రే గుంతలో పట్టేది గుప్పెడు కోకోపీట్ కూడా కాదు. రోజుకు రెండుసార్లు ఆ నీళ్లు చిలకరిస్తే నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. 13 రోజులకు ఎంత పేరుకుని ఉంటుందో లెక్కేసుకోండి. గుంతల అంచున తెల్లటి పొర ఏమైనా కనిపిస్తోందా?

మిద్దెతోట_అనంత · మే 12

ఉంది. అన్ని గుంతల అంచునా ఉంది. నేను బూజు అనుకుని పసుపు నీళ్లు చల్లా.

మైదుకూరు_నర్సరీ · మే 12

పెన్నా ఒడ్డు వారు చెప్పింది సరైన మాట, నేను నీళ్ల గురించి అడిగి ఆ జవాబు దగ్గర ఆగకుండా వెళ్లిపోయా. దీనికి తోడు కోకోపీట్‌లోనే సొంతంగా ఉప్పు ఉంటుంది. కొబ్బరి పీచును చాలాచోట్ల ఉప్పు నీళ్లలో నానబెడతారు. అందుకే ఇటుకను మంచినీళ్లలో నానబెట్టి, గుడ్డలో పిండి, మళ్లీ నానబెట్టి, ఇలా మూడుసార్లైనా చేయాలి. కొనేటప్పుడే కడిగినదని రాసి ఉంటే ఒకసారి చాలు. మీరు ఉప్పున్న పీట్‌ను ఉప్పు నీళ్లతో నానబెట్టారు.

తేమ ఎంత ఉండాలో కూడా చెప్తా. పీట్‌ను పిడికిట్లో గట్టిగా పిండితే రెండు మూడు చుక్కలు రావాలి, ధార రాకూడదు. పైన ఎండినట్టు కనిపించినా కింద తడి ఉంటుంది, కోకోపీట్ గుణమే అంత. పైన చూసి నీళ్లు పోస్తూ పోతే కింద గాలి ఆడక విత్తనం కుళ్లుతుంది. మీ మూడు మెత్తటి గింజలు అలా పోయినవే.

మొదలు దగ్గర వంగి పడిపోయిన రెండు టమాటాలది నారుకుళ్లు తెగులు. ఎక్కువ తడి, గాలి ఆడకపోవడం దానికి పుట్టినిల్లు. మిగిలిన ఐదింటిని కాపాడాలంటే కవర్ తీసేసి, లీటరు నీళ్లకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపండి. చేతులకు గ్లవుజులు మర్చిపోవద్దు.

ఆదోని_అవ్వ_మనవరాలు · మే 12

మందు లేకుండా చేయలేమా? మా వాళ్లు బీజామృతంలో విత్తనం తడిపి ఆరబెట్టి వేస్తారు. ఆవు పేడ, పంచకం, కొంచెం సున్నం కలిపి చేస్తారు. ఇంట్లో తినే కూరగాయలకు మొలకప్పుడే మందు మొదలుపెట్టడం నాకైతే మనసొప్పదు.

మైదుకూరు_నర్సరీ · మే 12

వచ్చిన తెగులు ఆపడానికి చెప్పానమ్మా. రాకుండా చూసుకోవడానికి అయితే మందు అక్కర్లేదు. తడి తగ్గించి గాలి ఆడనిస్తే చాలు. ట్రైకోడెర్మా (తెగులును అణిచే మేలు చేసే శిలీంధ్రం) పొడి పీట్‌లో కలిపినా మంచిదే. రెండూ ఒకేసారి వాడొద్దు, రాగి మందు ట్రైకోడెర్మాను కూడా దెబ్బతీస్తుంది. బీజామృతం మీద నాకు అభ్యంతరం లేదు. ఒక్క జాగ్రత్త, ప్యాకెట్‌లో విత్తనం ఎర్రగానో నీలంగానో రంగు పూసి ఉంటే దాని మీద ఇప్పటికే మందు ఉన్నట్టు. దాన్ని మళ్లీ నానబెట్టి కడిగేయడం అనవసరం.

కేసీకెనాల్_పక్కన · మే 13

మాటల మధ్యలో నాదో ప్రశ్న. కాకర విత్తనం ఎప్పుడు వేసినా మూడు వారాలు పడుకుంటుంది. బీర, సొర మాత్రం వారంలో వస్తాయి. ఎందుకలా?

ఆదోని_అవ్వ_మనవరాలు · మే 13

కాకర పెంకు గట్టిది అన్నా. మొనదేలిన కొన దగ్గర నెయిల్ కట్టర్‌తో పెంకు మాత్రం కొంచెం తుంచి, లోపలి పప్పుకు తగలకుండా చూసుకుని, ఒక రాత్రి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టు. పొద్దున తడి గుడ్డలో మూటగట్టి వెచ్చటి చోట పెట్టు. మా అవ్వ అయితే ఆ మూటను వరిగడ్డి కుప్పలో దూర్చేది. మూడు నాలుగు రోజులకు తెల్లటి ముక్కు బయటికి వచ్చాక తీసి మట్టిలో వేసేది. ముక్కు విరగకుండా ఆమె వేళ్లు ఎంత మెల్లగా కదిలేవో నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది.

చెనిక్కాయల_చేను · మే 13

ఒక రాత్రి అంటే ఒక రాత్రే. రెండు రోజులు నానబెడితే ఊపిరాడక చస్తుంది. చిక్కుడు, అలసంద, బీన్స్ అయితే నానబెట్టకపోవడమే మేలు, గబగబా నీళ్లు తాగి పప్పు పగులుతుంది.

ఎర్రగడ్డల_సంత · మే 13

నానబెట్టినా నానబెట్టకపోయినా పాత ఎర్రగడ్డ విత్తనం మాత్రం కొనొద్దు. నేను దెబ్బ తిన్నవాణ్ని కాబట్టి చెప్తున్నా. టమాటా, వంగ విత్తనం బాగా దాస్తే నాలుగేళ్లు ఆగుతుంది, దోస ఇంకా ఎక్కువ. ఎర్రగడ్డది ఏడాది దాటితే నమ్మకం లేదు. నాలుగేళ్ల కిందట ఒకాయన తక్కువ ధరకు ఇస్తానంటే రెండు కేజీలు తీసుకుని నారుమడి పోశా. ఎక్కడో ఒక పోచ. మళ్లీ కొత్త విత్తనం తెచ్చి పోసేసరికి అదును దాటింది. ఆ ఏడాది కర్నూలు మార్కెట్లో రేటు బాగా పలికింది, నా దగ్గర సరుకు లేదు. అప్పటి నుంచి చెనిక్కాయల అన్న చెప్పిన తడి గుడ్డ పరీక్ష చేయకుండా చిటికెడు విత్తనం కూడా పోయను.

పెన్నా_ఒడ్డు · మే 13

దాచడం గురించి ఒక పాత లెక్క ఉంది. విత్తనంలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుంది. దాచే చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా అంతే. మన ఊళ్లలో వంటింటి అలమరలో ఎండాకాలం గడిపిన ప్యాకెట్‌కు, గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో ఉన్న ప్యాకెట్‌కు తేడా అక్కడొస్తుంది. సీసాలో ఒక సిలికా జెల్ పొట్లం వేయండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు. లేకపోతే లోపల చెమ్మ పడుతుంది.

అసలు విషయానికి వస్తే, అనంత మేడం, తడి గుడ్డ పరీక్ష అయ్యాక ఇంకొకటి చేస్తారా? వేడి వల్లా, నీళ్ల వల్లా అని మనం ఇక్కడ వాదించుకునే కంటే తేల్చుకోవచ్చు. ఒకే టమాటా ప్యాకెట్ నుంచి 40 గింజలు. పది పై గదిలో వేస్ట్ నీళ్లతో, పది పై గదిలో మంచినీళ్లతో, పది కింద వేస్ట్ నీళ్లతో, పది కింద మంచినీళ్లతో. మిగతావన్నీ ఒకేలా ఉండాలి.

మిద్దెతోట_అనంత · మే 13

చేస్తా. తప్పకుండా చేస్తా. కింద మా అత్తమ్మ గది ఉంది. పాత కట్టుబడి, మందపాటి గోడలు, నేల కడప బండలు. ఎండాకాలం మేమంతా మధ్యాహ్నం అక్కడే పడుకుంటాం. థర్మామీటర్ ఒకటి కొంటా.

మిద్దెతోట_అనంత · మే 20

తడి గుడ్డ లెక్క ఇది. 20 గింజల్లో టమాటా 17, మిరప 12, రెండేళ్ల నాటి వంగ 13. అంటే విత్తనం మంచిదే. ఆ షాపాయనతో గొడవకు వెళ్లాలని ఒక రోజు బిల్లు పట్టుకుని బయల్దేరా కూడా. ఆగడం మంచిదైంది.

థర్మామీటర్ సంగతి వినండి. మధ్యాహ్నం మూడున్నరకు పై గది 39, కవర్ కింద 43. రాత్రి పదకొండుకు కూడా 35. అదే సమయంలో అత్తమ్మ గది బండల మీద పగలు 32, రాత్రి 29. ఒకే ఇల్లు ఇది! నాలుగు రకాల పరీక్ష ఈరోజే మొదలుపెట్టా. కోకోపీట్ కొత్తది, దేనికి ఏ నీళ్లో ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగా.

తాడిపత్రి_తమ్ముడు · మే 20

43లో మొలవమంటే ఎట్లా మొలుస్తాయి అక్కా, పాపం. అవి ఉడికిపోయుంటాయి.

చెనిక్కాయల_చేను · మే 20

మిరప 20కి 12 అంటే సరిగ్గా 60 శాతం. ఎర్రగడ్డల అన్న చెప్పిన లెక్క అక్షరాలా కుదిరింది. మళ్లీ వేసేటప్పుడు మిరపకు గుంతకు రెండు గింజలు వేయి, రెండూ వస్తే బలహీనంగా ఉన్నదాన్ని కత్తిరించు. పీకొద్దు, పక్కదాని వేరు కదులుతుంది.

కేసీకెనాల్_పక్కన · మే 24

కాకర ముక్కు బయటికొచ్చింది. నాలుగు రోజులే పట్టింది. ఆదోని అమ్మాయీ, మీ అవ్వకు నా నమస్కారం చెప్పు.

ఆదోని_అవ్వ_మనవరాలు · మే 24

చెప్పా అన్నా. సంబరపడింది. "ఆరు వేస్తే పందిరి కట్టుకోమను, లేకపోతే కాయలు నేలపాలు" అంది.

మిద్దెతోట_అనంత · మే 29

తొమ్మిది రోజుల లెక్క, ప్రతిచోటా పది గింజలకు.

పై గది, వేస్ట్ నీళ్లు: సున్నా.
పై గది, మంచినీళ్లు: 3.
కింది గది, వేస్ట్ నీళ్లు: 4.
కింది గది, మంచినీళ్లు: 9.

ఆ తొమ్మిదింటిని చూడగానే అత్తమ్మను, పిల్లల్ని పిలిచి చూపించా.

పెన్నా_ఒడ్డు · మే 29

పది గింజలు చిన్న లెక్కే, అయినా తేడా ఇంత స్పష్టంగా వచ్చింది. ఏ ఒక్కటి సరిచేసినా మూడో నాలుగో దక్కుతున్నాయి. రెండూ సరిచేస్తేనే తొమ్మిది. మనం ఇక్కడ వేడి అని కొందరం, ఉప్పు అని కొందరం పట్టుబట్టాం. ఇద్దరి మాటా నిజమే అయింది.

మైదుకూరు_నర్సరీ · మే 29

ఇంత ఓపికగా తేల్చి చూపించినందుకు మీకు నా కృతజ్ఞతలు. నా దగ్గరికి నారు కోసం వచ్చేవాళ్లకు ఇక ఈ లెక్కే చెప్తా.

ఇప్పుడు మొత్తం ట్రే వేయండి. ఇంకా టైం ఉంది. ఈ నెలాఖరుకు వేసినా టమాటా నారు నాలుగు వారాల్లో నాటుకు వస్తుంది, మిరపకు ఐదారు వారాలు పట్టినా వానల్లోనే పడుతుంది.

మిద్దెతోట_అనంత · మే 29

ఒక్క బెంగ మిగిలింది. తాగే నీళ్లు మొక్కలకు పోయడానికి చేయి రావట్లేదు. మా వీధిలో ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెట్టుకునే రోజులు చూసినదాన్ని.

తాడిపత్రి_తమ్ముడు · మే 29

అక్కా, ఏసీ బయట కారే నీళ్లు పట్టండి. అది గాల్లోని తేమే కదా, ఉప్పుండదు. మా ఇంట్లో రాత్రికి అర బకెట్ వస్తుంది. ఈసారైనా ఏసీ పనికొచ్చింది!

పెన్నా_ఒడ్డు · మే 29

తమ్ముడు చెప్పింది చాలా మంచి ఉపాయం. మొక్కలకు మాత్రమే, తాగడానికి కాదు. ఒక ట్రేకు రోజుకు లీటరు కూడా పట్టదు. నారు దశ ఆ నాలుగు వారాలే ఈ జాగ్రత్త. వేస్ట్ నీళ్లను నేల తుడవడానికి, బయట బండలు కడగడానికి వాడండి. పాలకూర, బీట్‌రూట్ ఒకసారి నిలదొక్కుకున్నాక ఉప్పును మిగతావాటికంటే బాగా తట్టుకుంటాయి, వాటికి బోరు నీళ్లతో కలిపి పోయొచ్చు. వాన పడ్డప్పుడు మాత్రం కుండీలు తడిసి అడుగు నుంచి నీళ్లు కారనివ్వండి. మూడేళ్ల ఉప్పు కొంతైనా దిగిపోతుంది.

మిద్దెతోట_అనంత · జూన్ 9

మే 30న వేసిన ట్రే. ఈరోజు పదో రోజు. టమాటా 40 గుంతల్లో 34. వంగ 20లో 13. మిరప 28 గుంతల్లో 21, రెండేసి గింజలు వేశా, ఇంకా వస్తున్నాయి. క్యాప్సికం పదిలో 4, నిన్న సాయంత్రమే తల ఎత్తాయి. బల్ల కాళ్ల కింద పళ్లేల్లో నీళ్లు పెట్టా. ఒక్క చీమా లేదు. ఏసీ నీళ్లు మా పక్కింటి వాళ్లు కూడా పట్టి ఇస్తున్నారు.

మృగశిర కార్తె వచ్చిన మొదటి రోజు ఇక్కడ నాలుగు చినుకులు కూడా పడ్డాయి. అందరికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు.

టమాటా మొలకలు కొంచెం సన్నగా, పొడుగ్గా సాగుతున్నాయి. అది మామూలేనా?

మైదుకూరు_నర్సరీ · జూన్ 9

మామూలు కాదమ్మా, వెలుగు చాలట్లేదు. అత్తమ్మ గది మొలకకు మంచిది, మొక్కకు కాదు. సగానికి పైగా మొలవగానే బయటికి తేవాల్సింది. రేపే తెండి. నేరుగా ఎండలో పెట్టొద్దు, పొద్దుటి ఎండ రెండు గంటలు తగిలి తర్వాత నీడ పడే చోట నాలుగు రోజులు, ఆ తర్వాత షేడ్‌నెట్ కింద. మిరప, క్యాప్సికం గుంతలు ఇంకా మొలుస్తున్నాయి కాబట్టి వీలైతే కత్తెరతో ట్రేను రెండు ముక్కలు చేసి, ఆ సగాన్ని ఇంకో వారం లోపలే ఉంచండి.

మిద్దెతోట_అనంత · జూన్ 9

కత్తెర తీసుకున్నా. టమాటా, వంగ సగం రేపు పొద్దున్నే తూర్పు వసారాలోకి మారుస్తా.